మట్టి పాతర, పట్టా పాతర

ఆ ఏడాది మొక్కజొన్న కోతకు వచ్చేనాటికి మా ఇంట్లో పొయ్యి ఒకటే గానీ పాతరలు మాత్రం రెండయ్యాయి. ఒకటి మావయ్యది, ఒకటి నాది.

పాతరంటే మా పశువుల పాక వెనక, మూడు వైపులా సిమెంటు గోడలు కట్టి, నాలుగోవైపు ట్రాక్టరు దూరేంత తెరిచి ఉంచిన జాగా. మొక్కజొన్నను పచ్చిగా ఉండగానే కంకితో సహా కోసి, మిషన్లో వేలెడు ముక్కలు చేసి, అందులో పొరలు పొరలుగా పోసి ట్రాక్టరుతో తొక్కిస్తాం. గాలి చొరకుండా మూసేస్తే నెలన్నరలో అది పుల్లగా మాగుతుంది. పచ్చగడ్డి దొరకని నెలల్లో మా పద్దెనిమిది ఆవులకూ అదే ఆధారం. కిటుకంతా మూతలోనే ఉంది. మూత కుదిరితే మేత, కుదరకపోతే పెంట.

మావయ్యకి చుట్టుపక్కల 'ముక్కాయన' అని పేరు. ఎవరి పాతరైనా తెరిచారంటే ఆయనకి కబురు వచ్చేది. గుప్పెడు మేత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "నాలుగు రోజులు ముందు కోశావు", "తొక్కేటప్పుడు వాన పడింది", "నీ డ్రైవరు డీజిలు ఒలకబోశాడు, కనుక్కో" అని చెప్పేసేవారు. అందరికీ ముక్కు మీద కోపముంటే మావయ్యకి ముక్కు మీద గర్వం ఉండేది. ఉండాల్సిందే మరి, నేనెరిగి ఒక్కసారీ తప్పలేదు.

నేను పెళ్ళికి ముందు పాల కేంద్రంలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం చేశాను. అక్కడ ఒకసారి రెండు రోజులు పాతర మేత గురించి పాఠాలు చెప్పారు. ఈ ఇంటికి వచ్చిన మూడేళ్ళలో మూడుసార్లు పాతర తెరవడం చూశాను. మూడుసార్లూ పైన మూరెడు మందాన మేత బూజుపట్టి పారబోయడమూ చూశాను. నాలుగో ఏడు ఇక నోరు ఊరుకోలేదు.

"మావయ్యా, ఈసారి మట్టి మెత్తకుండా ప్లాస్టిక్ పట్టా కప్పుదామా?"

"ఇల్లు కారితే పట్టా కప్పుతారమ్మా. మేతకి మట్టి చాలు."

"మట్టి ఎండితే పగుళ్ళు వస్తాయి కదా."

"వస్తే పూడుస్తా. నాకు వేరే ఏం పనుంది?"

"పైదంతా ఏటా పారబోస్తున్నాం..."

"పైది పోతుంది, కిందది ఉంటుంది. అరటిపండు తొక్క తీసి తినమా?"

మా ఆయన ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నారు. అక్కడినుంచే అన్నారు: "పాతరలు రెండున్నాయి కదా. చెరొకటి చేసుకోండి. ఏది బాగుందో ఆవులే చెప్తాయి."

ఆయన నవ్వులాటకే అన్నారు. మావయ్య మాత్రం దాన్ని పట్టుకున్నారు. "సరే. నీ దాన్లో నేను వేలు పెట్టను. నా దాన్లో నువ్వు పెట్టకూడదు."

అత్తయ్య గుమ్మంలోంచి విని, "బాగుంది సంబరం. కొడుకూ కోడలూ వేరుపడడం విన్నాను గానీ, మామా కోడలూ వేరుపడడం ఇక్కడే చూస్తున్నా," అంది.

కోత రెండు రోజులు సాగింది. మిషన్లోంచి పడుతున్న ముక్కల వాసన తియ్యగా, పచ్చిగా ముక్కుపుటాల్లో నిలిచిపోయింది. చలికాలంలో పది రోజులు జ్వరంతో పడుకుని లేచిన మావయ్య ఇంకా సన్నగానే ఉన్నారు. అయినా పార మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మా ఆయన ట్రాక్టరు ముందుకీ వెనక్కీ నడుపుతూ రెండు పాతరల్నీ ఒకేలా తొక్కించారు. ఒక్క అంగుళం అటూ ఇటూ అయినా తర్వాత ఆ మాట తన మీదికి వస్తుందని ఆయనకి తెలుసు.

నాది ఆ సాయంత్రమే మూసేశాను. పక్క గోడలకి ముందే పట్టా దింపి ఉంచాను. పైన రెండు పొరలు లాగి పరిచి, పాత టైర్లు ఒకదానికొకటి ఆనుకునేలా పేర్చి, అంచుల వెంట ఇసుక మూటలు పెట్టాను. మావయ్య నడుము మీద చేతులు పెట్టుకుని చూశారు.

"ఏమ్మా, ఇన్ని టైర్లకి గాలి కొట్టించావా?"

"గాలి రాకుండా ఉండడానికే మావయ్యా ఇదంతా."

ఆయన నవ్వి తన పాతర దగ్గరికి వెళ్ళారు. జానెడు మందాన ఎండుగడ్డి పరిచి, మట్టీ పేడా కలిపి చేత్తో మెత్తి, అరచేత్తో నున్నగా రుద్దారు. చూస్తే ముచ్చటేసింది. నా పాతర టైర్ల దుకాణంలా ఉంటే ఆయనది కొత్తగా కట్టిన అరుగులా ఉంది.

అప్పట్నుంచి నలభై అయిదు రోజులు.

ఆయన ప్రతి పొద్దునా తడిమట్టి గిన్నె పట్టుకుని పాతర మీద తిరిగేవారు. ఏటా తిరుగుతారు. మేత కిందికి దిగేకొద్దీ పైన మట్టి బీటలిస్తుంది. మునుపటి ఏళ్ళలో ఆయన నాలుగడుగులకోసారి వంగి, ముక్కుతో గాలి పీల్చి, ఏమీ కనబడని చోట కూడా మట్టి పెట్టడం నేను చూశాను. "ఇక్కడ పులుపు బయటికి వస్తోంది" అనేవారు. గీరి చూస్తే పై పూత కింద వెంట్రుకంత పగులు ఉండేది. ఈ ఏడూ వంగారు, పీల్చారు, పూడ్చారు. కానీ కళ్ళకి కనబడే బీటలు మాత్రమే పూడ్చారు. ఈ మాట ఇప్పుడు చెప్తున్నాను గానీ, అప్పుడు నాకు తట్టలేదు. తట్టేంత తీరిక కూడా లేదు, నా భయం నాది.

నా పట్టా కింద ఏం జరుగుతోందో నాకు తెలియదు. పాఠం విన్నాను, కాగితం మీద రాసుకున్నాను. చేత్తో చేయడం ఇదే మొదలు. పోతే? ఆ టైర్లన్నీ మోసిన మా ఆయన ముందు, అరుగులాంటి పాతర వేసిన మావయ్య ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఎనిమిదో రోజున ఎవరూ లేకుండా చూసి, మూలన రెండు మూటలు జరిపి, పట్టా ఎత్తి వాసన చూశాను. బాగానే ఉంది. మళ్ళీ కప్పేశాను. ఇరవయ్యో రోజు మళ్ళీ ఎత్తాను. ఆ తర్వాత ఇంకోసారి. మూత తీస్తే మాగదు అని ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పినదాన్ని నేనే.

పెద్దాయన పాతర ముందు తెరవాలి కదా, తెరిచారు. ఎండి పెచ్చులు కట్టిన మట్టిని పారతో లాగి, గడ్డి తీసి, పైన నల్లబడిన పొర అలవాటుగా పక్కకి విసిరి, కిందనుంచి గుప్పెడు మేత తీశారు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"అబ్బ! ఎంత కమ్మగా మాగింది! ఏడెనిమిదేళ్ళలో ఇంత బాగా కుదర్లేదు."

నేను ఆయన పక్కనే ఉన్నాను. నాకు తగిలింది కమ్మటి వాసన కాదు. తడి గోనెసంచిని గదిలో పెట్టి తలుపు వేసి మర్చిపోతే వచ్చే ముక్కిపోయిన వాసన. మేతలో అక్కడక్కడా సాలెగూడులా తెల్లటి పోగులు. లోపల్నుంచి సన్నగా ఆవిరి వస్తోంది.

"మావయ్యా, కొంచెం ముక్క వాసన..."

"ఈ ఇంట్లో ముక్కెవరిదమ్మా?" అని నవ్వారు.

నేను ఊరుకున్నాను. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పలేక ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, 'ఆవులే చెప్తాయి' అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. చెప్పనీ, అనుకున్నాను.

ఆవులు చెప్పాయి. మొదటి రెండు రోజులు మూతితో మేతను అటూ ఇటూ తోసి ఏరుకుని తిన్నాయి. నాలుగో రోజుకి రెండు ఆవులు తొట్టి వైపు తలే తిప్పలేదు. పాలు తగ్గాయి. వాతావరణం అన్నారు మావయ్య. వేడి చేసిందేమో అన్నారు మా ఆయన. ఆరో రోజు మధ్యాహ్నం, ఏడు నెలల చూడి మీదున్న తెల్లమచ్చ ఆవు ఉన్నట్టుండి కూలబడింది. మేము నీళ్ళు తెచ్చేలోపే ఈసుకుపోయింది. నెలలు నిండకుండా పడిపోయిన దూడ చేతికి ఇంకా వెచ్చగానే తగిలింది. ఊపిరి లేదు.

పశువుల డాక్టరు వచ్చాడు. ఆవుకి సూది వేసి, చేతులు కడుక్కుని, తొట్టిలోంచి గుప్పెడు మేత తీసి వాసన చూశాడు. వెంటనే చెయ్యి దూరంగా జరిపాడు.

"ఇది పెట్టమని ఎవరు చెప్పారు?"

మావయ్య ఆవు తల పట్టుకుని ఉన్నారు. ఆయన మెల్లగా వంగి తొట్టిలోంచి తనూ గుప్పెడు తీసుకున్నారు. ముక్కుకి ఆనించి పీల్చారు. ఇంకోసారి పీల్చారు. ఆ మొహంలో కోపం లేదు, ఉక్రోషం లేదు. కరెంటు పోయిన గదిలో స్విచ్చి మళ్ళీ మళ్ళీ నొక్కే మనిషి మొహంలా ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. జ్వరం, పగుళ్ళు, 'ఎంత కమ్మగా మాగింది' అన్న మాట, అన్నీ ఒక్కసారే.

"నేనేనండి," అన్నాను. "నేనే పెట్టమన్నాను."

అది అబద్ధమని నాకు అనిపించలేదు. పాతర తెరిచిన రోజున ఆ వాసన తెలిసింది నాకొక్కదానికే.

"నువ్వా?" మా ఆయన గొంతు లేచింది. "పాల కేంద్రంలో నేర్చుకొచ్చింది ఇదేనా? ముక్కు లేదా నీకు?"

ఆ చివరి మాటకి మావయ్య చేతిలోని మేత కింద పడింది. ఆయన ఎవరివైపూ చూడకుండా పంపు దగ్గరికి వెళ్ళి, చేతులు చాలాసేపు కడుక్కున్నారు.

"బూజు మేత వల్ల కావచ్చు, మరేదైనా కావచ్చు. రక్తం పరీక్షకి పంపిస్తాను. ముందు ఇది ఆపేయండి," అని డాక్టరు వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నా పాతర తెరవక తప్పలేదు. ఆవులకి పెట్టడానికి మరేమీ లేదు. ముందు వరస టైర్లు దించి, పట్టా మడిచాను. బంగారు రంగూ ఆకుపచ్చా కలిసిన మేత కనబడింది. పుల్లటి, పండిన వాసన వచ్చింది. ఒక్క మూల తప్ప.

వెనక అడుగుల చప్పుడు విని తిరిగితే మావయ్య. వేలు పెట్టనన్న మనిషి చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చారు. ముక్కు దగ్గర ఏమీ పెట్టుకోలేదు. మోచేతి వరకు చెయ్యి మేతలోకి దూర్చారు. తీశారు, రెండడుగులు జరిగి మళ్ళీ దూర్చారు. ఒక చివరనుంచి మొదలుపెట్టి అలా జరుగుతూ జరుగుతూ మూల దగ్గర ఆగారు. చెయ్యి లోపలే ఉంచి కాసేపు నిలబడ్డారు.

"ఇక్కడ వెచ్చగా ఉంది," అన్నారు.

నా కళ్ళు ఆ మూలనున్న ఇసుక మూటల మీదికి వెళ్ళాయి.

"ఎన్నిసార్లు ఎత్తావు?"

"మూడుసార్లు."

ఆయన తిట్టలేదు. పార తీసుకుని మేత మీద గీత గీశారు. "ఇక్కడ్నుంచి ఈ మూలంతా తీసి పారేయ్. మిగతాది మంచి సరుకు. చెయ్యి పెడితే బావిగట్టులా చల్లగా ఉంది." గీత గీసిన పార అలాగే పట్టుకుని అడిగారు: "నిన్న అలా ఎందుకన్నావు?"

"నాకు వాసన తెలిసింది మావయ్యా. తెరిచిన రోజే. చెప్పలేదు."

ఆయన అక్కడున్న టైరు మీద కూర్చున్నారు.

"నాకు తెలీలేదు," అన్నారు. "జ్వరం తగ్గినప్పట్నుంచి ఏదీ తెలీట్లేదు. వస్తుందిలే, వస్తుందిలే అని చూశా. కోత నాటికి వస్తుందనుకున్నా. పాతర తెరిచే రోజుకైనా వస్తుందనుకున్నా."

"మరి కమ్మగా ఉందన్నారు కదా."

"ముప్ఫై ఏళ్ళుగా అదే అంటున్నానమ్మా. నోరు దానంతటదే అనేసింది."

ఇద్దరం కలిసి ఆ మూల తవ్వి పారేశాం. అందులో ఎంత నా భయమో ఎంత నా తొందరో గానీ, రెండు బండ్ల మేత పోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన నాతో మాట్లాడడం లేదు. అత్తయ్య వడ్డిస్తోంది. మావయ్య కంచం పక్కకి జరిపారు.

"ఒక మాట. ఆ మేత బాగుందన్నది నేను. కోడలు కాదు. నా ముక్కు పనిచేయట్లేదు, నాలుగు నెలలైంది."

అత్తయ్య గరిట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అయ్యో రాత!" అంది చివరికి. "మొన్న కూర అడుగంటి మాడిపోతే వంక పెట్టకుండా రెండోసారి అడిగి వడ్డించుకు తిన్నారు. పెళ్ళైన ఇన్నాళ్ళకి మంచివారయ్యారనుకుని నేను మురిసిపోయాను!"

మావయ్య ముందు బిత్తరపోయి చూశారు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నారో ఏమో అనుకున్నాం. నవ్వే. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి. అత్తయ్య కంచాన్ని మళ్ళీ ఆయన ముందుకి జరిపి, "తినండి, ఇవాళ మాడలేదు," అంది.

మా ఆయన నాకు సారీ చెప్పలేదు. ఆ సాయంత్రం పాలు పితికే వంతు నాది. నేను వెళ్ళేసరికి ఆయన పితకడం సగం పూర్తిచేసి ఉన్నారు. "వెళ్ళి కాసేపు కూర్చో," అన్నారు, ఆవు పొట్టకి తల ఆనించే. మా ఆయన నోట్లోంచి అంతకంటే రాదు. నాకు అది సరిపోయింది.

రక్తం పరీక్ష ఏదీ గట్టిగా తేల్చలేదు. మేత వల్లేనని చెప్పినా, కాదని చెప్పినా మాకు కొంత తెరిపి ఉండేదేమో. మావయ్యా నేనూ ఆ కాగితం చెరోసారి చదివి, మడిచి అలమరలో పెట్టాం. తెల్లమచ్చ ఆవు కోలుకుంది. కానీ చాలా రోజులు నేను దగ్గరికి వెళ్తే తల తిప్పి నావైపే చూస్తున్నట్టనిపించేది. ఆవు ఆవులాగే చూసి ఉంటుంది. నాకే అలా తోచేది.

ఆయన పాతరలో పైనా పక్కలా చెడింది తీసేస్తే, నడిమధ్యన సగానికి పైగా మంచి మేతే మిగిలింది. మట్టి మూత తప్పు కాదని అప్పుడు తెలిసింది నాకు. అది నిలబడ్డది మట్టి మీద కాదు, రోజూ దాని మీద తిరిగిన ముక్కు మీద. పట్టాకి ముక్కు అక్కర్లేదు, కానీ చెయ్యి కుదురుగా ఉండాలి.

ఇక రోజూ పొద్దున్న ఇద్దరం వెళ్ళేవాళ్ళం. గోడలా నిలబడ్డ మేతను ఈ చివరనుంచి ఆ చివరిదాకా బెత్తెడు మందాన సమంగా కోసేవాళ్ళం. ఆయన చెయ్యి దూర్చి చూసేవారు. నేను వాసన చూసేదాన్ని.

"బాగుంది మావయ్యా."

"బాగుందంటే చాలదు. ఎలా బాగుంది?"

"పుల్లగా."

"పులుపులో వంద రకాలు. నిమ్మకాయా? విరిగిన పాలా?"

ఇన్నేళ్ళూ బాగుంది, బాగాలేదు అనే రెండే మాటలతో ముక్కుని మోసుకు తిరిగానని అప్పుడు తెలిసింది. కళ్ళు మూసుకోమనేవారు. తొందరపడొద్దనేవారు. ఒకరోజు చాలాసేపు ఆలోచించి, "యాపిల్ కోసి, తినడం మర్చిపోయి, గంట తర్వాత వచ్చి చూస్తే వచ్చే వాసన," అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, ఎక్కడో గుర్తున్న దాన్ని వెతుక్కున్నట్టు ఆగి, "ఆఁ, అదీ," అన్నారు. "అదే నేను కమ్మగా అనేది."

వానలు పడి పొలంగట్ల మీద గడ్డి లేచేనాటికి రెండు పాతరలూ అడుగంటాయి. చివరి రోజున మావయ్యా నేనూ నేల ఊడుస్తున్నాం. ఆయన చీపురు ఆపి, అటూ ఇటూ చూసి, "అమ్మాయ్, ఒక మాట అడుగుతా. నవ్వకూడదు," అన్నారు.

"అడగండి మావయ్యా."

ఒక అడుగు నా వైపు వేసి ఆగిపోయారు. "నా దగ్గర ఏమైనా కంపు వస్తోందా? రెండుపూటలా స్నానం చేస్తున్నా. చొక్కా రోజుకి రెండుసార్లు మారుస్తున్నా. అయినా నాకు తెలిసే దారి లేదు కదా. మీ అత్తయ్యని అడిగితే ఏడాది పొడుగునా చెప్పుకు నవ్వుతుంది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. కొన్నాళ్ళుగా ఆయన భోజనానికి మాతో కాకుండా కిటికీ పక్కన విడిగా కుర్చీ వేసుకుంటున్నారు. గాలి కోసమనుకున్నాం. ఎవరైనా వస్తే వాకిట్లోనే నిలబడి మాట్లాడి పంపేస్తున్నారు. పెద్దరికమనుకున్నాం.

చీపురు గోడకి ఆనించి, ఆయన దగ్గరికి వెళ్ళాను. మేతను చూసినట్టే, తొందరపడకుండా, కళ్ళు మూసుకుని చూశాను.

"సబ్బు," అన్నాను. "దాని కింద ఎండలో ఆరిన బట్ట. దాని కింద ఆవు, కొంచెం మట్టి."

"కంపు?"

"లేదు."

"నిజం చెప్పు. ఆ రోజులా ఊరుకోకు."

"ఊరుకోను మావయ్యా. ఉంటే ఉందనే చెప్తాను. లేదు."

ఆయన తల ఊపి, మళ్ళీ చీపురు అందుకున్నారు. మూలన మిగిలిన నాలుగు పిడికిళ్ళ మేత ఊడ్చి, గంపకెత్తి, తెల్లమచ్చ ఆవు ముందు పోసి వచ్చారు.

ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన కిటికీ దగ్గరి కుర్చీని తెచ్చి, మా ఆయనకీ నాకూ మధ్యన వేసుకున్నారు.